రాసింది ఇచ్చెయ్యండి సిస్టర్

పదమూడేళ్ల కిందటి మాట. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఆసుపత్రి. లేబర్ రూమ్‌లో నాకు నైట్ డ్యూటీ. నల్లమల దిక్కు ఊరి నుంచి 108లో ఒక తొలిచూలు పిల్ల వచ్చింది. బీపీ 170/110. మొహం, కాళ్లు ఉబ్బి ఉన్నాయి. దారిలో ఒకసారి ఫిట్స్ వచ్చాయని అత్త చెప్పింది. వచ్చీ రాగానే మెగ్నీషియం సల్ఫేట్ లోడింగ్ డోసు, అంటే మొదటి పెద్ద డోసు ఇచ్చాం. ఆపైన నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి ఈ తుంటికి, ఒకసారి ఆ తుంటికి ఇవ్వాలని కేస్ షీట్‌లో రాసి డ్యూటీ డాక్టర్ గారు ఇంకో సిజేరియన్ కోసం థియేటర్లోకి వెళ్లారు. వార్డులో మిగిలింది నేను, ఒక హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చివర్లో శిక్షణలో ఉన్న కుర్ర డాక్టర్), ఒక ఆయమ్మ, పదిహేడు మంది గర్భిణులు, బాలింతలు.

మెగ్నీషియం సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌ని ఆపడంలో దానికి సాటి లేదు. కానీ అది ఒంట్లోంచి బయటికి పోయేది మూత్రంలోనే. మూత్రం తగ్గితే మందు లోపలే పోగుపడుతుంది. కండరాలు సడలిపోతాయి, చివరికి ఊపిరి కూడా మందగిస్తుంది. అందుకని ప్రతి డోసుకీ ముందు మూడు చూడాలి. మోకాలి చిప్ప కింద కొడితే కాలు ఎగురుతోందా? నిమిషానికి కనీసం 16 సార్లు ఊపిరి తీస్తోందా? గంటకు 30 మిల్లీలీటర్లన్నా మూత్రం వస్తోందా? ఒక్కటి తప్పినా డోసు ఆపి డాక్టర్‌ని పిలవాలి.

తెల్లవారుజామున రెండో డోసు టైమైంది. మూత్రం సంచీ చూశాను. నాలుగు గంటలకు కలిపి 60 మిల్లీలీటర్లు దాటలేదు. మోకాలు కొట్టే సుత్తి ఆ వార్డులో ఎప్పుడూ దొరికేది కాదు. అరచేతి అంచుతో కొట్టాను. కాలు కదల్లేదు. ఇంకోసారి కొట్టాను. వాపు వల్ల సరిగా తెలియడం లేదేమో అనుకున్నాను. ఆ పిల్ల అత్త మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. "సిస్టరమ్మా, పిల్ల మాట ముద్దముద్దగొస్తుంది, జర సూడు" అంది. "నిద్రమత్తులే అమ్మా, పండుకోనియ్యి" అన్నాను.

హౌస్ సర్జన్ దగ్గరికి వెళ్లాను. "సార్, యూరిన్ కొంచెం తక్కువ ఉన్నట్టుంది సార్" అన్నాను. అచ్చంగా ఇవే మాటలు, ఇప్పటికీ గుర్తున్నాయి. ఆయన ఇంకో కేస్ షీట్ రాస్తూ, "డోసు టైమైందా? రాసింది ఇచ్చెయ్యండి సిస్టర్" అన్నాడు. ఇచ్చేశాను.

ముప్పావుగంటకు ఊపిరి నిమిషానికి 10కి పడిపోయింది. మెగ్నీషియానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించాం. పది నిమిషాలు నెమ్మదిగా తోయాల్సిన ఇంజక్షన్ అది, ఆ పది నిమిషాలు నా చెయ్యి వణకకుండా ఆపుకోవడమే పెద్ద పనైంది. థియేటర్ నుంచి డాక్టర్ గారు గౌనుతోనే పరుగెత్తుకొచ్చారు. ఆ పిల్ల తేరుకుంది. మధ్యాహ్నానికి కాన్పయింది, బిడ్డ బరువు తక్కువే గానీ బాగానే ఏడ్చాడు. ఇద్దరూ ఇంటికి వెళ్లారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. రికార్డులో ఒక లైను రాశారు, అంతే.

ఆ రోజు నుంచి నన్ను తినేస్తున్న ప్రశ్న ఒక్కటే. మా ఇద్దరిలో తెలియనిది ఎవరికి? నాకు తెలుసు, మిడ్‌వైఫరీ పుస్తకంలో చదివాను, అప్పటికే పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఆ అబ్బాయికీ తెలుసు, ఫార్మకాలజీలోనూ గైనిక్‌లోనూ రాసి పాసయ్యాడు. ఆ ముసలమ్మకు మందు పేరు తెలియదు గానీ కోడలి మాట మారిందని మా అందరికంటే ముందు తెలుసు. ముగ్గురికీ తెలిసింది ఒక్క దగ్గరికి చేరలేదు. నేను నసిగాను. "మోకాలు ఎగరడం లేదు, ఈ డోసు ఇవ్వకూడదు, డాక్టర్ మేడంని పిలుద్దాం" అనే మూడు ముక్కలు నా నోట్లోంచి రాలేదు. ఎందుకు రాలేదంటే, ఆ మాట అనడం నాకు ఎవరూ నేర్పలేదు. నేను అంటే వినడం ఆయనకూ ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు నేను నల్లగొండలో నర్సింగ్ ట్యూటర్‌ని. తొమ్మిదేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతూ ఒక నమ్మకానికి వచ్చాను. డాక్టరయ్యే పిల్లల్నీ, నర్సులయ్యే పిల్లల్నీ, ఫార్మసీ, ల్యాబ్ చదివే పిల్లల్నీ చదువుకునేటప్పుడే ఒక్క గదిలో, ఒక్క పేషంట్ ముందు కూర్చోబెట్టాలి. డ్యూటీలో చేరాక వాళ్లే కలిసిపోతారులే అనుకోవడం పెద్ద పొరపాటు. డ్యూటీలో చేరేసరికి ఎవరు ఎవరితో ఎలా మాట్లాడాలో వార్డే నేర్పేసి ఉంటుంది. వార్డు నేర్పేది "రాసింది ఇచ్చెయ్యండి సిస్టర్" అనడం, "సరే సార్" అనడం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే దీని మీద ఒక పత్రం తెచ్చింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవడం అని అందులో చెప్పారు. ఈ మూడింటిలో "ఒకరి నుంచి ఒకరు" అన్నదాని దగ్గరే మన దగ్గర బండి ఆగిపోతుంది. ఒకే హాల్లో అందరినీ కూర్చోబెట్టి గంట లెక్చర్ ఇచ్చి, ఫొటో దిగి, కలిసి నేర్చుకున్నాం అని రిపోర్టు రాసుకోవచ్చు. ఎంబీబీఎస్ పిల్లాడు నర్సింగ్ పిల్ల దగ్గర ఏదైనా నేర్చుకుని, ఇది నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను అని పైకి అనగలిగితేనే దాన్ని ఆ పేరుతో పిలవాలి.

మన ఎంబీబీఎస్ సిలబస్ 2019లో మారింది. చదువు పూర్తయిన డాక్టర్ పోషించాల్సిన అయిదు పాత్రల్లో ఒకటి, వైద్య బృందానికి నాయకుడిగా, సభ్యుడిగా ఉండటం. నాయకుడు, సభ్యుడు, రెండూ. కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూడండి. నాయకుడిగా ఉండటం రౌండ్స్‌లో రోజూ కనబడుతుంది, చూసి నేర్చుకుంటారు. సభ్యుడిగా ఉండటం ఎక్కడ చూడాలి? మా తెలంగాణలో మెడికల్ కాలేజీ అయినా, బీఎస్సీ నర్సింగ్ కాలేజీ అయినా వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికే వస్తాయి. ఇద్దరి జవాబు పత్రాలూ ఒకే యూనివర్సిటీకి వెళతాయి. ఆ పిల్లలు మాత్రం నాలుగేళ్లలో ఒక్క క్లాసు కలిసి కూర్చోరు. ఒకే ఆసుపత్రి కారిడార్‌లో ఎదురుపడి, కోటు రంగు, కోటు చేతుల పొడవు చూసి ఎవరు ఎవరో గుర్తుపట్టి పక్కకు జరుగుతారు.

నసగడం సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే గుట్టంతా అక్కడే ఉంది. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చిన ఒక పద్ధతి ఉంది, ఎస్‌బార్ అంటారు. నాలుగు మాటలు. ఇప్పుడేం జరుగుతోంది, అంతకుముందు సంగతి ఏమిటి, నాకేమనిపిస్తోంది, ఏం చేయమంటాను. మా పిల్లలకు ఇది పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న, అందరూ గడగడా రాస్తారు. నోటితో అనమంటే మొదటి రెండూ బాగా చెబుతారు. మూడోదాని దగ్గర గొంతు తగ్గుతుంది. నాలుగోది రాదు. "ఏం చేయమంటాను" అనేది ఒక నర్సు డాక్టర్‌తో అనదగ్గ మాట అని వాళ్లకు లోపల నమ్మకం లేదు.

ఆ నమ్మకం ఎందుకు లేదో నాకు తెలుసు. మా క్లాసుల్లో ఉండేది ఎక్కువగా ఆడపిల్లలు. అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ, మునుగోడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు. తండ్రులు కొందరు పాలమూరు లేబర్‌గా దేశమంతా తిరిగొచ్చిన వాళ్లు. ఇంట్లో మొదటిసారి ఇంటర్ దాటిన పిల్లలు. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకపోవడమే మంచితనం అని పెరిగారు. ఆ మంచితనాన్ని నేను తప్పు పట్టను, నాకూ అదే నేర్పారు. కానీ మంచం మీద పేషంట్ ఊపిరి తగ్గుతుంటే ఆ మంచితనం పనికిరాదు. దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం నేర్పాలంటే నేను బోర్డు మీద రాస్తే చాలదు. ఎదురుగా నిజంగా ఒక హౌస్ సర్జన్ ఉండాలి. ఆమె అనాలి, ఆయన వినాలి, ఆకాశం విరిగి మీద పడలేదని ఇద్దరూ చూడాలి.

పోయిన ఏడాది చివర్లో ఇద్దరు ముగ్గురు మంచి డాక్టర్ల సాయంతో శనివారం మధ్యాహ్నాలు ఒక ప్రయత్నం మొదలుపెట్టాం. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ పేషంట్. ఇద్దరు హౌస్ సర్జన్లు, నలుగురు ఫైనలియర్ నర్సింగ్ పిల్లలు, ఒక ఫార్మసీ అమ్మాయి, ఒక ల్యాబ్ టెక్నీషియన్ కుర్రాడు. మొదటి శనివారం కాన్పు తర్వాత రక్తస్రావం. ఎర్ర రంగు నీళ్లు గుడ్డల మీద పోశాం. గర్భసంచి మసాజ్ చేశారు, ఆక్సిటోసిన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు, అంతా హడావుడి. పన్నెండు నిమిషాల తర్వాత ఆపి అడిగాను, రక్తం కోసం శాంపిల్ ఎవరు పంపారు? హౌస్ సర్జన్ సిస్టర్ వైపు చూశాడు. ఆ అమ్మాయి పక్కమ్మాయి వైపు చూసింది. శాంపిల్ తీశారు, ట్రేలో ఉంది. ఎవరూ పంపలేదు. పైగా ట్యూబు మీద పేరు లేదు.

అప్పుడు ల్యాబ్ కుర్రాడు నోరు తెరిచాడు. "పేరు లేకుండా వచ్చినా నేను తిప్పి పంపిస్తా మేడం. అందుకే అందరూ నన్ను తిడతరు" అన్నాడు. నిజమే, మేమూ తిట్టేవాళ్లం. పేషంట్ రక్తం కారిపోతుంటే ల్యాబ్ వాళ్లకు రూల్స్ కావాలి అని. ఆ అబ్బాయి చెప్పాడు. నల్లగొండ వార్డులో ఏ రోజు చూసినా ఇద్దరు ముగ్గురు సైదమ్మలుంటారు, జాన్‌పహాడ్ దర్గా సైదులు పేరు. యాదమ్మలు సరేసరి, యాదగిరిగుట్ట ఎంతో దూరం లేదు. అటు పాలమూరు పోతే కురుమూర్తి స్వామి పేరుతో కుర్మయ్యలు. ఒక సైదమ్మది బి పాజిటివ్, పక్క మంచం సైదమ్మది ఓ పాజిటివ్. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు లేకుండా ఆ ట్యూబు తీసుకుని క్రాస్ మ్యాచింగ్ (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్ష) చేస్తే అతని చేత్తోనే ఒక ప్రాణం పోవచ్చు. హౌస్ సర్జన్లిద్దరూ అలాగే చూస్తుండిపోయారు. అందులో ఒకతను తర్వాత నాతో అన్నాడు, "అయిదున్నరేళ్లలో ల్యాబ్‌లో ఎవరితోనైనా ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి మేడం" అని.

ఆ కుర్రాడు చెప్పింది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కానీ పుస్తకంలో చదివితే అది రూల్. అతని నోట వింటే అతని భయం అర్థమవుతుంది. భయం అర్థమైన వాళ్లు ట్యూబు మీద పేరు రాయకుండా పంపరు.

దీనికి అడ్డు చెప్పే వాళ్లున్నారు, వాళ్ల మాటలో కొంత న్యాయం కూడా ఉంది. ఒక సీనియర్ డాక్టర్ గారు నన్ను అడిగారు, "అందరూ సలహాలు చెబితే నిర్ణయం ఎవరిదమ్మా? కేసు పాడైతే కోర్టుకెళ్లేది ఎవరు?" నిర్ణయం డాక్టర్‌దే. మందు రాసే హక్కూ బాధ్యతా ఆయనవే, అందులో మాకు వాటా అక్కర్లేదు. ఇక్కడ ఓటింగ్ పెట్టమని ఎవరూ అడగడం లేదు. నిర్ణయం తీసుకునే మనిషికి వార్డులో ఎవరెవరికి ఏం తెలుసో అదంతా చేరాలి, అంతే మేం అడుగుతున్నది. గుండె ఆగినప్పుడు ఒక్కరే ఆర్డర్ ఇవ్వాలి, మిగతా వాళ్లు ఆ ఆర్డర్‌ని పైకి తిరిగి చెప్పి చేయాలి. దానికీ కలిసి ప్రాక్టీస్ కావాలి.

ఆపరేషన్ థియేటర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు ఆ డాక్టర్ గారికి గుర్తుచేశాను. 19 అంశాలు, ఒక్క పేజీ. కోత పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలని అందులో ఉంది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు అచ్చువేశారు. ఆపరేషన్ తర్వాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. అదంతా పేర్లు చెప్పుకోవడం వల్లే తగ్గిందని నేననను, యాంటీబయాటిక్ టైముకు ఇవ్వడం లాంటివీ అందులో ఉన్నాయి. కానీ ఒకసారి పేరు చెప్పిన గొంతు, రెండోసారి "సార్, గాజుగుడ్డ ఒకటి లెక్క తక్కువుంది" అనడానికి వెనకాడదు. ఇది థియేటర్లో పనిచేసిన ఏ సిస్టర్‌ని అడిగినా చెబుతుంది.

రెండో అభ్యంతరం టైము లేదనేది. నలభై మంచాలకు ఒక సిస్టర్ ఉన్న చోట కలిసి కూర్చునేది ఎప్పుడు? ఈ మాట నాకు నొప్పి పుట్టిస్తుంది, ఎందుకంటే నిజం. మనుషుల్ని నింపకుండా టీమ్ వర్క్ గురించి మాట్లాడటం అన్యాయం, పోస్టులు నింపాల్సిందే. అయినా ఆ రాత్రి నేను నసగకుండా నేరుగా చెప్పి ఉంటే పట్టేది పది సెకన్లు. నసిగినందుకు నలుగురం గంటన్నర ఆ మంచం చుట్టూ నిలబడ్డాం.

మా వైపు తప్పు కూడా రాయాలి. డాక్టర్లు మమ్మల్ని చూసినట్టే మేం ఏఎన్‌ఎంలను, ఆశాలను, ఆయమ్మలను చూస్తాం. పీహెచ్‌సీ నుంచి కేసు వస్తే "ఇంత లేటుగానా పంపేది" అని ఏఎన్‌ఎం మీద అరుస్తాం. ఆమె ఆ ఇంటికి ఎన్నిసార్లు తిరిగిందో, మామ ఒప్పుకోక ఎన్ని రోజులు పోయాయో అడగం. కలిసి నేర్చుకోవడం అంటే డాక్టర్లు మాకు గౌరవం ఇవ్వడం ఒక్కటే అనుకుంటే, మనం పైమెట్టు ఎక్కి నిచ్చెన లాగేసినట్టే.

ఇక్కడ, నల్లగొండలో, ఇది ఇంకా గట్టిగా అనాలనిపిస్తుంది. ఫ్లోరైడ్ ఈ జిల్లాకు ఏం చేసిందో చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్లు చూసిన వాళ్లు మరచిపోరు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. మంచి పద్ధతి. కానీ ఏ బోరు నీళ్లకు పటిక ఎంత కలపాలో రోజూ ఎవరో ఒకరు చూడాలి, కలపాలి, అడుగున పేరిన మడ్డి తీసి పారబోయాలి. అది ఇంజనీరు ఒక్కడి పని కాదు. ఏ ఇంట్లో ఏ బోరు నీళ్లు తాగుతున్నారో ఆశాకు తెలుసు. పళ్ల మీద గార మొదట చూసేది అంగన్‌వాడీ టీచర్. మోకాళ్ల నొప్పులని వచ్చేది ఎముకల డాక్టర్ దగ్గరికి. పాలు, ఆకుకూరలు తినమని చెప్పాల్సింది ఇంకొకరు. నేను వార్డులో చూసినంత వరకు ఎవరి గదిలో వాళ్లు తమ ముక్క చూసి పంపేసేవాళ్లు, మనిషి మాత్రం ఒక ఓపీ చీటీ నుంచి ఇంకో ఓపీ చీటీకి కుంటుకుంటూ తిరిగేవాడు. కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాక కొత్త పిల్లలకు ఆ బాధ తగ్గింది, సంతోషం. ఒకసారి వంగిన ఎముక మాత్రం మళ్లీ నిటారుగా కాదు.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, మన వైపు కాలేజీలు ఇంకా కొత్తవి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ మహబూబ్‌నగర్‌కు 2016లో వచ్చింది, నల్లగొండకూ సూర్యాపేటకూ 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు 2022లో, గద్వాల, నారాయణపేటలకు 2024లో. సర్కారు సీటులో డాక్టర్ చదవాలంటే బస్సెక్కి హైదరాబాద్ పోవాల్సిన జిల్లాలు ఇవి. పాత కాలేజీల్లో నూరేళ్ల అలవాట్లు గోడల్లోకి ఇంకిపోయి ఉంటాయి. ఇక్కడ టైంటేబుల్ ఇంకా పెన్సిల్‌తోనే రాస్తున్నారు. రెండు వారాలకోసారి రెండు గంటలు, ఎంబీబీఎస్ పిల్లలకూ నర్సింగ్ పిల్లలకూ ఒకే పేషంట్, ఒకే కేస్ షీట్, హాజరు ఇద్దరికీ. ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని దీనికి ఉండాలి, మార్కులు లేని క్లాసుకు ఎవరూ రారు. హౌస్ సర్జన్ మొదటి వారంలో ఒక పూట సిస్టర్ వెనకాల తిరగాలి, మందులు ఇవ్వడానికి కాదు, ఆమె ఏం చూస్తోందో చూడటానికి. దీనికి బిల్డింగు, బడ్జెట్టు అక్కర్లేదు. ఇద్దరు ప్రిన్సిపాళ్లు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటే చాలు.

వచ్చే శనివారం మెగ్నీషియం కేసు పెడుతున్నాను. సుత్తి కొన్నాను, సొంత డబ్బులతోనే. సిస్టర్‌గా దేవరకొండ నుంచి వచ్చిన ఒక పిల్ల. పోయినసారి నాలుగో మాట దగ్గర గొంతు పూడుకుపోయి, హౌస్ సర్జన్ ఆగి "చెప్పండి సిస్టర్, ఏం చేద్దాం" అంటే అప్పుడు చెప్పగలిగింది. ఈసారి ఆయన అడగకూడదని చెప్పాను. పేషంట్ అత్తగా కూర్చోవడానికి మా దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆయమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, పొద్దున మళ్లీ వచ్చి అడిగింది.

"నేనేం మాట్లాడాలె మేడం? రాసిస్తే ఎవరితోనన్న సదివిచ్చుకుంట."

రాసివ్వను, నీకు ఏం కనబడితే అది చెప్పు అన్నాను.